వరికి 40 కోట్లు, ఉల్లికి 1,600 కోట్లు: డీఎన్‌ఏలో ఇంత తేడా ఎందుకు?

టెక్కలి_టీచర్:
నమస్కారమండీ. టెక్కలి దగ్గర హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మొన్న డీఎన్‌ఏ గురించి చెబుతుంటే ఒక గుంట లేచి, "అన్నిటికన్నా మనిషికే ఎక్కువ ఉంటాది కదా మేడమ్" అంది. అంకెలు బోర్డు మీద రాశాను. మనిషి జీనోము, అంటే డీఎన్‌ఏ పూర్తి సెట్టు ఒకటి, సుమారు 310 కోట్ల బేస్ జతలు (డీఎన్‌ఏ నిచ్చెనకి మెట్ల లాంటివి), వరి 40 కోట్లు, ఉల్లి 1,600 కోట్లు. "ఉల్లిపాయలో అంతేటుంటాది మేడమ్?" అని క్లాసంతా ఒకటే గోల. ఆ ఎక్కువదంతా ఏమిటో, ఎలా వచ్చి చేరిందో వాళ్లకి తెలిసేలా ఎలా చెప్పాలి? ఇంకో సంగతి. తేలినీలాపురం వచ్చే గూడబాతుల్ని మా పిల్లలు ఏటేటా చూస్తారు. పక్షుల జీనోము చిన్నదని, ఎగరడం కోసమే అలా తగ్గిందని చదివాను. నిజమేనా?

గంటస్తంభం:
టీచరుగారూ, విజయనగరంలో డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యాను. అడిగిన గుంటను మెచ్చుకోండి. ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయారు. జీనోములోని డీఎన్‌ఏ మొత్తాన్ని సి-వాల్యూ అంటారు. అది జీవి ఎంత సంక్లిష్టమైనదో దాంతో పొసగకపోవడానికి 1971లో సి.ఎ. థామస్ సి-వాల్యూ పారడాక్స్ అని పేరు పెట్టాడు.

ముందు జన్యువుల లెక్క వేరు, డీఎన్‌ఏ లెక్క వేరు అని చెప్పండి. ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు మనిషిలో సుమారు 20 వేలు, వరిలో 35 వేల పైచిలుకు. ఉల్లి జీనోము పెరిగింది జన్యువుల వల్ల కాదు, వాటి మధ్య పేరుకున్నదాని వల్ల. పేరుకునేవి ఎక్కువగా ట్రాన్స్‌పోజాన్లు, అంటే తమకు తామే నకలు తీసుకుని జీనోములో ఇంకోచోట దూరే ముక్కలు. మొక్కజొన్న గింజల మీద రంగు మచ్చలు ఎందుకు మారుతున్నాయో పట్టుబట్టి చూసి, 1940ల్లో బార్బరా మెక్లింటాక్ వీటిని కనిపెట్టింది. చాలామంది నమ్మలేదు. నోబెల్ 1983లో గానీ రాలేదు.

పొలంలో తుంగ లాంటివివి. ఎవరూ నాటరు, దానంతటదే పాకుతుంది. వరిలోనూ నకళ్లు చేరుతూనే ఉంటాయి, కానీ వరి వాటిని జోరుగా కత్తిరించి పారేస్తుంది. మొక్కజొన్నలో అలా జరగలేదు. దాని జీనోము సుమారు 30 లక్షల ఏళ్లలో రెట్టింపై 230 కోట్లకు చేరింది, అందులో 85 శాతం ఈ ముక్కలే. వరికి ఆస్ట్రేలియాలో ఒరైజా ఆస్ట్రేలియెన్సిస్ అనే అడవి చుట్టం ఉంది. మూడు రకాల ట్రాన్స్‌పోజాన్లు విజృంభించి దాని జీనోము మన వరికి రెండింతలు దాటింది. నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ ఇదే. ఒకే ప్రజాతి (జీనస్) గడ్డి, ఇంచుమించు అవే జన్యువులు, అయినా అంత తేడా.

రెండో దారి జీనోములు కలిసిపోవడం. గోధుమలో మూడు గడ్డిజాతుల జీనోములున్నాయి. మన చోళ్లలో (రాగుల్లో) రెండు, అందుకే 36 క్రోమోజోములు.

డీఎన్‌ఏ పెరిగితే కేంద్రకం పెరుగుతుంది, కణం పెరుగుతుంది, విభజన నెమ్మదిస్తుంది. ఆక్సొలాటల్ అనే సాలమాండర్‌కి (బల్లిలా కనిపించే ఉభయచరం) 3,200 కోట్లు, దాని రక్తకణాలు చాలా పెద్దవి. చాలా పక్షులకి 100 నుంచి 140 కోట్లే. రెక్కలాడించడానికి బోలెడు ఆక్సిజన్ కావాలి, చిన్న కణంలోకి అది త్వరగా చేరుతుంది. గబ్బిలాలకీ మిగతా క్షీరదాల కన్నా జీనోము చిన్నదే.

పిల్లలకి మైక్రోస్కోపులో కూడా చూపించొచ్చు. ఉల్లి వేరు కొన, మొలకెత్తిన వడ్ల వేరు కొన, రెండూ అసిటోకార్మైన్ రంగు వేసి పక్కపక్కన పెట్టండి. ఉల్లికి 16 క్రోమోజోములే, కానీ లావుగా స్పష్టంగా కనబడతాయి. వరికి 24 ఉన్నా చుక్కల్లా ఉంటాయి. ల్యాబుల్లో ఎప్పుడూ ఉల్లి వేరే వాడడానికి ఇదో కారణం.

నాగావళి_ఒడ్డు:
సార్, పక్షుల విషయంలో ఒక మాట కలుపుతాను. 2007లో క్రిస్ ఆర్గన్ బృందం డైనోసార్ ఎముకల శిలాజాల్లో కణాలుండే గుంటల్ని కొలిచింది. పక్షుల పూర్వీకులైన థెరోపాడ్‌లలో, ఎగరడం మొదలవకముందే, జీనోము చిన్నదైపోయిందని తేలింది. కాబట్టి ఎగరడం కోసమే తగ్గిందనలేం. అప్పటికే చిన్నగా ఉన్నది ఎగరడానికి కలిసొచ్చిందనొచ్చు. హమ్మింగ్‌బర్డ్‌లలో మరీ చిన్నది కావడం మాత్రం మీరు చెప్పిన వైపే మొగ్గుతోంది.

ఇంకొకటి. 2012లో, మనిషి డీఎన్‌ఏలో ఏ భాగం ఏం చేస్తుందో వెతికే ఎన్‌కోడ్ ప్రాజెక్టు వాళ్లు, అందులో 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన చర్య ఉందన్నారు. పేపర్లు దాన్ని "వ్యర్థం అంటూ ఏమీ లేదు" అని రాసేశాయి. చర్య ఉంటే పని ఉన్నట్టు కాదు. అంతకుముందే ర్యాన్ గ్రెగరీ అనే జీవశాస్త్రవేత్త ఉల్లినే పరీక్షగా పెట్టాడు. ఆ డీఎన్‌ఏ అంతా అవసరమే అయితే మనిషికి లేని అవసరం ఉల్లికేమిటి? ఉల్లి చుట్టాల్లోనే 7 నుంచి 31.5 పికోగ్రాముల వరకూ (ఒక పికోగ్రాము డీఎన్‌ఏ అంటే దాదాపు 100 కోట్ల బేస్ జతలు) తేడా ఎందుకు? నా మట్టుకు దీనికి సరైన జవాబు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

చీపురుపల్లి_రైతు:
మాస్టారూ, రబీలో మాది మొక్కజొన్నే. 85 శాతం తుంగే అంటన్నారు. మరి దాన్ని తీసీస్తే దిగుబడి పెరగదా? అందులో పనికొచ్చేది ఏటీ లేదా?

గంటస్తంభం:
బాబూ, జీనోము సైజుకీ దిగుబడికీ నేరుగా లంకె లేదు. న్యూ కాలెడోనియా దీవుల్లో ఫెర్ను తెగ మొక్క ఒకటుంది. 2024లో కొలిస్తే 16,000 కోట్లు, ఇప్పటిదాకా తెలిసినవాటిలో అదే పెద్దది. ఎత్తు జానెడు కూడా ఉండదు.

తీసీడం సంగతి. ఎక్కువ ముక్కలు ఊరికే పడున్నవే, కానీ అన్నీ కాదు. మొక్కజొన్నకి మూలం మెక్సికోలోని టియోసింటె అనే గడ్డి, అది పొదలా చాలా కొమ్మలేస్తుంది. నీ చేలో మొక్క ఒకే కాండంతో నిలబడుతుంది కదా, దానికి పెద్ద కారణం టీబీ1 అనే జన్యువు. దానికి సుమారు 60 వేల బేస్‌ల దూరంలో హాప్‌స్కాచ్ అనే ట్రాన్స్‌పోజాన్ వచ్చి దూరింది, దాంతో ఆ జన్యువు జోరు పెరిగి పక్క కొమ్మలు అణిగాయి. 2011లో ఇది రుజువైంది. ఆ ముక్క మనుషులు సాగు మొదలుపెట్టకముందే కొన్ని అడవి మొక్కల్లో ఉంది. సుమారు 9 వేల ఏళ్ల కిందట అక్కడి రైతులు అలాంటి మొక్కల్నే ఏరి విత్తనానికి ఉంచుకున్నారు.