ప్రాసెస్ మొత్తం ఎత్తేశారు, రాజీనామా రాయమంటున్నారు. రాయాలా?

నైట్‌షిఫ్ట్_నాగు:
గచ్చిబౌలి కాల్‌సెంటర్‌లో అమెరికా ఇన్సూరెన్స్ వాయిస్ ప్రాసెస్ మాది, అంటే ఒక క్లయింట్ కోసం ఫోన్ కాల్స్ తీసుకునే టీమ్. క్లయింట్ వెళ్లిపోయాడట. ఒక్కొక్కరినీ హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి "మీరే రిజైన్ చేయండి, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం" అంటున్నారు. రాయాలా? పీఎఫ్ ఎప్పుడు తీసుకోవచ్చు? నాది నాలుగేళ్ల పది నెలల సర్వీస్.

ఉప్పల్_పిల్ల:
రాయకు అన్నా. రాస్తే పరిహారం ఊసే ఉండదు. వాళ్లే తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, పైన పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. నా ఐడీ కార్డు లాక్కున్నారు, సెక్యూరిటీని పిలిచారు, అయినా సంతకం పెట్టలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అంజయ్య భవన్‌లోని కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాకే డబ్బు పడింది.

టీమ్‌లీడ్_14:
మాకేది అది? సూపర్‌వైజర్ పని చేస్తూ జీతం నెలకు 18,000 దాటితే కొత్త కార్మిక కోడ్‌లో వర్కర్ కాదు. టీఎల్ (టీమ్‌లీడ్) పోతే ఎవడూ అడగడు.

హోల్డ్‌లో_ఉన్నా:
బ్రేక్ రెండు నిమిషాలు దాటితే మెయిల్ కొట్టేవాళ్లకి ఇప్పుడు మేం గుర్తొచ్చామా?

హెచ్‌ఆర్_సీనియర్:
పదహారేళ్లుగా ఈ ఫీల్డ్‌లో ఉన్నా. అసలు విషయం గ్రాట్యుటీ, అంటే ఏళ్ల సర్వీస్‌కి వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు. ఐదేళ్లు నిండకపోతే రూపాయి రాదు. 1972 చట్టం చదువుకోండి.

ఉప్పల్_పిల్ల:
మీరు చదివారా సార్? 2025 నవంబర్ 21 నుంచి అది సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసిపోయింది. ఏడాదిలో 240 రోజులు, వారానికి ఐదు రోజుల ఆఫీసైతే 190 రోజులు పనిచేస్తే ఏడాది కిందే లెక్క. పాత చట్టం కిందే ఐదో ఏడాదికీ ఇది వర్తిస్తుందని మద్రాస్ హైకోర్టు చెప్పింది.

హెచ్‌ఆర్_సీనియర్:
అది మద్రాసు. ఇది హైదరాబాద్.

హోల్డ్‌లో_ఉన్నా:
చట్టం కేంద్రానిది కదండీ, మద్రాసు దాకా వచ్చి ఆగిపోయిందా? నాగూ, చివరి బేసిక్, డీఏ కలిపి (అది మొత్తం జీతంలో సగం కన్నా తక్కువైతే ఆ సగం తీసుకుని) 15తో గుణించి 26తో భాగించు. వచ్చినదాన్ని ఏళ్లతో గుణించి రాతపూర్వకంగా అడుగు.

బాట్_బాధితుడు:
లెక్కలు తర్వాత. ఇదంతా కస్టమర్లకు జవాబిచ్చే ఏఐ బాట్ల పుణ్యం. కస్టమర్ సపోర్ట్‌లో 9,000 మందిని 5,000కి తెచ్చామని అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌ఫోర్స్ సీఈఓనే చెప్పాడు.

కూకట్‌పల్లి_కుర్రోడు:
స్వీడన్ పేమెంట్స్ కంపెనీ క్లార్నా కూడా 2024లో 700 మంది పని బాట్ చేస్తోందని ఊదరగొట్టి, 2025లో మళ్లీ మనుషులు కావాలంది.

బాట్_బాధితుడు:
కావాలంది సరే, మనల్ని పిలిచిందా?

నైట్‌షిఫ్ట్_నాగు:
పీఎఫ్ సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్. ఇంటద్దె టెన్షన్.

టీమ్‌లీడ్_14:
ముందు పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం మానేసిన తేదీ) పడాలి. కంపెనీ పెట్టకపోతే చివరి పీఎఫ్ జమైన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో నువ్వే పెట్టుకోవచ్చు. కొండాపూర్‌లో తెలుగు ప్రాసెస్‌కి తీసుకుంటున్నారు, డే షిఫ్ట్. ట్రైనింగ్‌కి 2,500 కట్టమంటున్నారట.

ఉప్పల్_పిల్ల:
ఉద్యోగానికి డబ్బు అడిగారంటే అది మోసమే. ఇలాంటివి ఇక్కడ పెట్టకండి టీఎల్ గారూ.