కల్లు బంద్ అయిన రెండు రోజులకే వణుకుడు, ఒక్కడే మాట్లాడుడు: ఏం చెయ్యాలె?

ఇందూరోడు:
ఊళ్లె కల్లు దుకాణం మొన్న సీల్ చేసిన్రు. బాపుకు 58 ఏండ్లు, రోజూ నాలుగైదు సీసలు తాగేటోడు. నిన్నటి సంది నిద్ర లేదు, చేతులు వణుకుతున్నయ్, గోడ దిక్కు చూసి ఎవరితోనో మాట్లాడుతున్నడు. పక్క మండలంల కల్లు దొరుకుతదట. ఒక సీస పోస్తే కుదుటపడతడా?

వార్డు డ్యూటీ:
పోయకండి. ఇది చాలావరకు కల్లులో కలిపే మత్తుమందు ఆగడం వల్ల వచ్చేదే. చెట్టు కల్లు చాలక నీళ్లు, తీపి కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ వేస్తారు. అల్ప్రాజోలం ఒంట్లో సగానికి పడిపోవడానికి సుమారు 11 గంటలు చాలు. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, తర్వాత ఫిట్స్, మతి తప్పడం. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులకు ఇలాంటివాళ్లే వరసకట్టారు.

కొత్త సీసాలో మందు ఎంతుందో అమ్మేవాడికీ తెలీదు. ఒకదాంట్లో ఏమీ ఉండదు, ఇంకోదాంట్లో ఊపిరి మందగించేంత ఉంటుంది.

లేనివాళ్లతో మాట్లాడుతున్నారంటే ఇంట్లో చూసుకునే దశ దాటింది. 108 పిలిచి ఇప్పుడే జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లండి. దారిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, నీళ్లు పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేది లేదు.

ఇందూరోడు:
అంబులెన్స్‌కు ఫోన్ చేసిన. అప్పటిదాంక మెడికల్ షాపుల నిద్రగోలీ తెచ్చి ఇయ్యొచ్చా?

మందుల చీటీ:
వద్దు, మతి తప్పిన మనిషికి మింగించేది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. లెక్క కూడా కుదరదు: 0.5 మి.గ్రా. అల్ప్రాజోలం దాదాపు 10 మి.గ్రా. డైజోఫాంకు సమానం, ఆయన తాగిన సీసల్లో రోజుకు ఎంత మందు పోయిందో మనకు తెలీదు. ఆస్పత్రిలో సాధారణంగా నెమ్మదిగా దిగే డైజోఫాం మీదికి మార్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. లివర్ బాగాలేకపోతే లోరాజెపాం. ఎక్కువమంది బోల్తాపడేది ఇంటికొచ్చాకే: వణుకు తగ్గిందని గోలీలు ఒక్కసారిగా ఆపేస్తారు, మళ్లీ ఫిట్స్.

ఇంకో తప్పు కూడా జరుగుతుంది. "పిచ్చి పట్టింది" అని చెబితే ఉత్త హాలోపెరిడాల్ (మానసిక జబ్బుల మందు) ఇచ్చి పంపే ప్రమాదముంది, అది ఫిట్స్‌ను ఇంకా దగ్గర చేస్తుంది. కాబట్టి మొదటి మాటే "కల్తీ కల్లు ఆగింది" అనండి. చివరిసారి ఎప్పుడు తాగారు, ఎన్ని సీసలు, బీపీ షుగర్ గోలీలేమిటి, అన్నీ చెప్పండి. షుగర్ చూడమనండి. గ్లూకోజ్ ఎక్కించేముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ గురించి అడగండి.

ఇందూరోడు:
ఆస్పత్రిల చెప్తే పోలీస్ కేసు అయితదేమో అని అమ్మ భయపడుతున్నది.

వార్డు డ్యూటీ:
మత్తుమందు ఉందని తెలీకుండా కల్లు తాగిన మనిషి మీద కేసెందుకు? మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ కూడా తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి రక్షణ ఇస్తుంది. కేసులు మందు కలిపి అమ్మేవాళ్ల మీద. డిశ్చార్జి తర్వాత సలహాకు 14446, మానసిక ఇబ్బందులకు 14416. సీసా మిగిలి ఉంటే మూత పెట్టి వెంట తీసుకెళ్లండి, ఖాళీదైనా సరే.