అప్‌డేట్: పోర్ట్రెయిట్‌లో చర్మం సహజత్వం పోకుండా రీటచ్ చేయడం

మచ్చలు తీసేసరికి ముఖం మైనపు బొమ్మలా నున్నగా మారిపోతోందని, దాన్ని నివారించే మార్గం చెప్పమని ఇంతకుముందు అడిగాను. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ (చర్మపు గరుకుదనాన్ని పై లేయర్‌లోకి, రంగును, వెలుగునీడలను కింది లేయర్‌లోకి విడదీసే పద్ధతి) ప్రయత్నించమని ఎక్కువమంది సూచించారు. ఆ సలహా చాలావరకు ఫలించింది.

ఫోటోషాప్‌లో లేయర్‌కు రెండు నకళ్లు తీసి, కిందిదానికి గాసియన్ బ్లర్ ఇచ్చాను. పైదానిపై అప్లై ఇమేజ్ (ఒక లేయర్‌ను మరోదానితో లెక్కగట్టి కలిపే కమాండ్) తెరిచి, బ్లర్ చేసిన లేయర్‌ను ఎంచుకుని, 8 బిట్ ఫైల్ కనుక సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128 పెట్టి, బ్లెండ్ మోడ్‌ను లీనియర్ లైట్‌కు మార్చగానే ఫోటో మళ్లీ యథాతథంగా కనిపించింది. (16 బిట్ ఫైలైతే యాడ్, ఇన్వర్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0 ఇవ్వాలి.) అసలు కీలకం బ్లర్ రేడియస్‌లో ఉంది: స్వేదరంధ్రాలు కనుమరుగై, ముఖంలోని వెలుగునీడలు మాత్రం మిగిలే చోట దాన్ని ఆపాలి. మొటిమల గుంతలను పై లేయర్‌లో హీలింగ్ బ్రష్‌తో, వాటి చుట్టూ ఉన్న ఎరుపును కింది లేయర్‌లో లాసోతో ఎంచుకుని, అంచులు మెత్తబడేలా ఫెదర్ ఇచ్చి, మళ్లీ బ్లర్ చేసి సరిదిద్దాను. సెలెక్షన్ ముక్కు పక్కనున్న నీడ అంచును దాటితే మాత్రం అక్కడ మురికి మరక పడుతుంది.

కళ్ల కింది నలుపుకు ఈ పద్ధతి నాకు నచ్చలేదు. 50 శాతం గ్రే నింపిన లేయర్‌ను సాఫ్ట్ లైట్‌లో ఉంచి, ఫ్లో బాగా తగ్గించిన తెల్లని బ్రష్‌తో డాడ్జ్ చేయడమే (కొద్దికొద్దిగా వెలుగు పెంచడమే) అక్కడ మేలనిపించింది. అది ఓపిక కోరే పనే, కానీ చర్మపు గరుకుదనాన్ని అసలు ముట్టుకోదు.

లేత రంగు బ్యాక్‌గ్రౌండ్‌పై విడిగా లేచిన నల్లని వెంట్రుకలకు క్లోన్ స్టాంప్‌ను (ఒక చోటి భాగాన్ని మరో చోట నకలుగా వేసే టూల్) లైటెన్ మోడ్‌లో వాడితే సరిపోయింది.