పాత ఇల్లు కూలగొట్టిన మట్టి, స్లాబ్ ముక్కలు ఏడ పోయాలె? రూల్స్ ఎవరికన్న తెలుసా

పాత_మిద్దె:
అన్నలూ, పాలమూరు దిక్కు చిన్న మున్సిపాలిటీ మాది, ఊరి పేరు ఎందుకులే. తాత కట్టిన ఇల్లు తీసేసి కొత్తది కడ్తున్నం. ముందరిదంతా మట్టి గోడల మిద్దె, పైన దంతెలు, వెనక వంటిల్లు బాత్రూం తర్వాత నాయన స్లాబ్ ఏసి కట్టిండు. జేసీబీ అతను ఏమంటుండంటే ఒక్క దినంల సాఫ్ చేసి ఇస్త, నలభై ట్రిప్పులు పడ్తయి, ట్రాక్టర్లు నావే, ఏడ పోస్తనో మీరు అడగొద్దు అంటుండు. ఆ మాటకే నాకు డౌటొచ్చింది. పోయిన నెల మా గల్లీల ఒకాయన ఇట్లనే ఎత్తిపిచ్చిండు, తెల్లారి చూస్తే చెరువుల కుప్ప, దాని మీద ఆయన బాత్రూంవే నీలం పూల టైల్స్, ఊరంత గుర్తుపట్టిన్రు 😄

ఆఫీసుకు పోయి అడిగితే "రోడ్డు మీద పెట్టొద్దు" అన్నరు. మరి ఏడ పెట్టాలె సార్ అంటే పక్క సీటు చూపిచ్చిన్రు. పక్క సీట్ల ఎవరు లేరు. హైదరాబాదుల రీసైకిల్ చేస్తరంట గదా, మనకు అసలు రూలే లేదా?

గడియారం_సెంటర్:
ఇంత ఆలోచిస్తే ఇల్లు కట్టలేవు తమ్మీ. ఎవరిదన్న గుంత ప్లాట్ చూస్కో, ఒక ఫోన్ కొడ్తే నింపుకుంటరు. రూల్స్ అంట రూల్స్.

నల్లగొండ_సైట్_ఇంజనీర్:
పై అన్న చెప్పింది సగం కరెక్టే, ప్లాట్ ఓనర్ ఒప్పుకుంటే మంచిదే, కాకపోతే ఆ "గుంత" చెరువు శిఖమో నాలానో కాకుండ చూస్కోవాలె. ఇగ రూల్ లేదు అనేది తప్పు. 2016లనే కేంద్రం నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల రూల్స్ తెచ్చింది, అవి హైదరాబాదుకే కాదు మీ ఊరికి గూడ వర్తించినయి. చిన్న ఇల్లయినా సరే మట్టి, రబ్బిష్ నీ జాగల్నే పెట్టుకోవాలె లేదంటే మున్సిపాలిటీ చూపిన జాగకు చేర్చాలె, రోడ్డుకు మోరీకి అడ్డం రావద్దు. జాగ చూపిచ్చే బాధ్యత మున్సిపాలిటీదే, దీనికి ఇచ్చిన గడువు ఎప్పుడో అయిపోయింది, కాబట్టి నోటి మాట కాకుండ ఒక దరఖాస్తు రాసి ఇన్‌వర్డ్‌ల ఇచ్చి స్టాంప్ ఏపిచ్చుకో.

ఇంకొకటి, చానమందికి తెల్వది. 2016 రూల్స్‌ల దినానికి 20 టన్నులు, లేకుంటే ఒక ప్రాజెక్టుకు నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు వేరే, మట్టి వేరే, ఇనుము కట్టె ప్లాస్టిక్ వేరే, ఇటుక గచ్చు వేరే తీసిపెట్టి, పని మొదలుపెట్టక ముందే ప్లాన్ ఇచ్చి అప్రూవల్ తీస్కోవాలె అని ఉండె. నీది మొత్తం 300 దాటదు. కని ట్రాలీకి 3 టన్నులు ఏస్కున్నా ఏడు ట్రిప్పులకే 20 దాటె! అంటే ఆ లెక్కన జేసీబీతోని ఒక్క దినంల కొట్టిస్తే నువ్వు పెద్దోళ్ల లెక్కల పడ్తవు. నిమ్మళంగ తీపిచ్చుకో.

హైదరాబాదుల జీడిమెట్ల, ఫతుల్లాగూడ దగ్గర ప్లాంట్లున్నయి, కాంక్రీటు నలగ్గొట్టి కంకర, ఇసుక తీసి పేవర్ బ్లాకులు చేస్తరు. నీకాడికెళ్లి వంద కిలోమీటర్లు మోసుకపోతే డీజిల్‌కే పోతయి పైసలు, అది మర్చిపో. 2025ల కొత్త రూల్స్ గూడ వచ్చినయి, 2026 ఏప్రిల్ 1 నుంచి 2016 వాటి జాగల ఇవే అమలు, అండ్ల ప్రొడ్యూసర్ బాధ్యత (కట్టేటోళ్లే వ్యర్థాలు రీసైకిల్ చేపియ్యాలె) అనేది 20,000 చదరపు మీటర్లు, ఆ పైన కట్టేటోళ్లకు, మనసొంటోళ్లకు కాదు.

మక్తల్_రైతుబిడ్డ:
మేం రెండేండ్ల కింద మా ఇల్లు తీసినం, మా మేస్త్రీ జేసీబీని దగ్గరికే రానియ్యలే. ఫస్టు తలుపులు, దర్వాజలు, తర్వాత దంతెలు ఒక్కొక్కటి దించిండు, టేకువి పాత కట్టె అడితోళ్లు ఇంటికొచ్చి కొనుక్కపోయిన్రు. కింద బండలు గడ్డపారతోని లేపి గోడకు నిలబెట్టినం, ఇప్పుడు కొత్తింటి వాకిట్ల అవే ఉన్నయి. మట్టి గోడల మట్టి అయితే మా మామ మూడు ట్రాలీలు చెలకకు తోలిచ్చుకున్నడు, పాటిమట్టి లెక్క బలం ఉంటదని, సిమెంటు పెచ్చులు మాత్రం అమ్మ, అత్తమ్మ కూసోని ఏరి పారేసిన్రు. పన్నెండు దినాలు పట్టింది, కూలీ ఎక్కువే అయింది, చివరికి బయటికి పోయింది తొమ్మిది ట్రిప్పులే.

పాత_మిద్దె:
వామ్మో మస్తు చెప్పిన్రు. స్లాబ్ ముక్కలు కొత్త బేస్‌మెంట్ ఫిల్లింగ్‌ల ఏసుకోవచ్చా మరి? ఇంకోటి, వెనక కొట్టానికి పాత సిమెంటు రేకులున్నయి, అవి గూడ అండ్లనే పడెయ్యాల్నా?

నల్లగొండ_సైట్_ఇంజనీర్:
స్లాబ్ ముక్కలు సలాక తీసేసి పిడికిలంత సైజుకు కొట్టిస్తే ఏసుకోవచ్చు, మొరం కలిపి అర ఫీటు పొర పొరకు నీళ్లు కొట్టి దిమ్మిస చెయ్యాలె, ఒక్కసారే నింపితే రేపు ఫ్లోరింగ్ కుంగుతది. కట్టె ముక్క ఒక్కటి గూడ పోవద్దు, చెదలు పడ్తయి. కొత్త స్లాబ్‌కు, పిల్లర్లకు మాత్రం ఇంట్ల కొట్టిన కంకర వాడకు. ఐఎస్ 383 (కాంక్రీటుల ఏసే కంకర, ఇసుకకున్న ఇండియన్ స్టాండర్డ్) పర్మిషన్ ఇస్తది గని, అది ప్లాంట్ల టెస్ట్ చేసినదానికి, సలాక ఏసే ఆర్‌సీసీలయితే ఎం25 అనే గ్రేడ్ కాంక్రీటు వరకే, అది గూడ కంకరల 20 శాతమే.

రేకులు పలగ్గొట్టకు, అండ్ల ఆస్‌బెస్టాస్ ఉంటది, ఆ దుమ్ము ఊపిరితిత్తులల్లకు పోతే మళ్ల బయటికి రాదు. నీళ్లు చల్లి, బోల్టులు ఊడదీసి నిండుగ దించి పక్కకు పెట్టు, దరఖాస్తుల దాని గురించి విడిగ రాయి.

గడియారం_సెంటర్:
తమ్మీ నీ మట్టి గోడల మట్టి నీకు వద్దనుకుంటే నాకు చెప్పు, మా బాయికాడికి కావాలె 🙂