ముందు యాక్సిల్ ఒక బండిది, వెనకది ఇంకో బండిది: పాత జీపు పికప్ పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తాడిపత్రి తొట్టిబండి:
అన్నలకు నమస్కారం. పాత మహీంద్రా జీపుకు తొట్టి కట్టి పికప్ చేసిన బండి. ఆర్‌సీలో పెట్రోలు అని ఉంది, లోపలున్నది ప్యూజో 2112 సీసీ డీజిల్ ఇంజన్. రెండు యాక్సిళ్లూ వేర్వేరు బండ్లవి. తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేస్తే బండి బిగుసుకుపోతుంది, లివరు వెనక్కి రాదు. బ్రేకు తొక్కితే ఎడమకు లాగుతుంది. చీనీకాయలు, ఎరువులు తోలుకోవాలి. మొదట తొట్టి తుప్పు తీయించాలా, గేర్లు విప్పాలా?

కర్నూలు గేర్లు:
తుప్పు సంగతి తర్వాత తమ్ముడూ. మొదట రేషియో లెక్కపెట్టు, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడు. గేరు న్యూట్రల్‌లో పెట్టు. ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేకు ప్రొపెల్లర్ షాఫ్టునే (యాక్సిల్‌ను తిప్పే పొడుగు కడ్డీ) పట్టుకుంటుంది, కాబట్టి అదీ వదలాలి. అంటే బండి దొర్లుతుంది, మిగతా చక్రాలకు రాళ్లు తప్పకుండా అడ్డం పెట్టు. వెనక ఒక చక్రం నేలమీదే ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపు. టైరు మీద, షాఫ్టు మీద సుద్దగీత గీసి, ఆ చక్రాన్ని సరిగ్గా 2 చుట్లు తిప్పు. రెండో చక్రం కదలదు కాబట్టి ఈ 2 చుట్లు ఒక చుట్టు కింద లెక్క. షాఫ్టు 5 చుట్లు దాటి ఇంకో మూడోవంతుకు పైగా తిరిగితే రేషియో 5.38 (పెద్ద గేరు క్రౌనుకు 43 పళ్లు, చిన్న గేరు పినియనుకు 8). 5 చుట్లకు కొంచెం తక్కువైతే 4.88 (39 పళ్లకు 8). ముందు యాక్సిల్‌కూ ఇట్లనే చూడు.

ఒకటి 5.38, ఒకటి 4.88 అయితే రెండు షాఫ్టుల వేగానికి పది శాతం తేడా. ఇసుకలో చక్రం జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు, భారమంతా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే గేర్ల పెట్టె) మీద పడుతుంది. లివరు బిగిస్తే సుత్తితో కొట్టొద్దు, ముందు చక్రం ఒకటి జాకీతో లేపితే వదులుతుంది. రేషియోలు కలిసేదాకా ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి పక్కన పెట్టు.

డీజిల్‌కు రెండూ 4.88 ఉంచడం మేలు. 6.00-16 టైర్లతో టాప్ గేరులో 60 కి.మీ. వేగంలో ఇంజన్ సుమారు 2,200 చుట్లు తిరుగుతుంది, 5.38తో 2,400 దాటుతుంది. క్రౌను ఒకచోట, పినియను ఒకచోట కొనొద్దు. అవి జతగా అరగదీసినవి, రెండింటి మీదా ఒకే నంబరు ఉండాలి. పళ్ల మధ్య ఆట 0.13 నుంచి 0.25 మి.మీ. లోపల ఉండాలి, డయల్ గేజ్ పెట్టి చూసే మెకానిక్ దగ్గరే బిగించండి.

పులివెందుల ఫిట్టరు:
బ్రేకు ఎడమకు లాగితే ఎడమవైపే తప్పు వెతకొద్దు. కుడివైపు వీల్ సిలిండర్ (బ్రేకు షూలను డ్రమ్ము మీదికి నెట్టేది) పట్టేసి ఉండొచ్చు, బ్రేకు ఆయిలు రబ్బరు గొట్టం లోపల మూసుకుపోయి ఉండొచ్చు. అతుకుల బండిలో ఒకే యాక్సిల్‌కు రెండు సైజుల సిలిండర్లు కూడా దొరుకుతాయి. రెండూ విప్పి లోపలి బోరు కొలవండి. ముందు 9 అంగుళాల డ్రమ్ములు, వెనక 11 అంగుళాలవి ఉంటే వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి, బరువు లేనప్పుడు మరీ ప్రమాదం.

బోల్టులు కలపొద్దు. జీపు బాడీవి అంగుళాల లెక్క, ప్యూజో ఇంజన్‌వి మిల్లీమీటర్లు. 5/16 అంగుళం బోల్టు 7.94 మి.మీ., కంటికి 8 మి.మీ. బోల్టు మాదిరే ఉంటుంది, కానీ మరలు వేరు. బలవంతంగా తిప్పితే లోపలి మర కోసుకుపోతుంది. రెండు రకాలకు రెండు డబ్బాలు, మరలు ఏ రకమో చూసే త్రెడ్ గేజ్ ఒకటి పెట్టుకోండి. పాత యాక్సిళ్లలో ఎడమ చక్రాల నట్లు ఎదురు మరవి కూడా ఉంటాయి, చూసి తిప్పండి.

ఛాసిస్ (బండి అడుగు చట్రం) వంకర తెలియాలంటే కడప బండలు పరిచిన చదును నేల మీద బండి నిలపండి. స్ప్రింగులను ఛాసిస్‌కు తగిలించే నాలుగు షాకిల్ బోల్టుల నుంచి తూకంగుండు దించి నేలమీద గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. తేడా 6 మి.మీ. దాటితే తొట్టి ఎంత సరిచేసినా మళ్లీ పగులుతుంది.

తాడిపత్రి తొట్టిబండి:
ఇంజన్ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోకుండా నడపొచ్చా?

కడప కాగితాలు:
కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్, ఇంధనం, బాడీ రకం మారిస్తే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి. ఇంజన్ కొన్న బిల్లు, దాని నంబరు చేతిలో ఉంచుకుని ఆర్టీవో ఆఫీసులో అడగండి. అది తేలకముందే రేషియోల మీద డబ్బు పెట్టొద్దు. ఛాసిస్ నంబరు ఉన్నచోట గ్రైండరు పెట్టనీయొద్దు, తీగబ్రష్, కిరసనాయిలుతో మెల్లగా శుభ్రం చేయండి. ఆ అంకెలు చెరిగితే ఎంత బాగు చేసినా బండికి కాగితం ఉండదు.