అర్జెంటీనా, ఆఫ్ఘన్ వలసదారుల ఆర్థిక స్థితిగతుల్లో ఇంత అంతరం ఎందుకు?

తార్నాక విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. ఈ సెమిస్టరు సెమినార్ పత్రానికి అమెరికాలో స్థిరపడిన అర్జెంటీనా వారి, ఆఫ్ఘన్ల ఆర్థిక పరిస్థితులను పోల్చి రాస్తున్నాను. గత యాభై ఏళ్ళలో ఈ రెండు దేశాలూ పెద్ద సంక్షోభాల పాలై జనాన్ని బయటికి పంపినవే కనుక ఈ జంటను ఎంచుకున్నాను.

లెక్కలు చూస్తే మాత్రం పొంతన కనిపించడం లేదు. అమెరికాలోని ప్యూ పరిశోధనా సంస్థ 2013 నాటి అంచనాల ప్రకారం అక్కడి అర్జెంటీనా మూలాల వారిలో, పాతికేళ్ళు నిండినవారిని తీసుకుంటే, సుమారు 40 శాతం మంది పట్టభద్రులు. మొత్తం హిస్పానిక్ జనాభాలో, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న అందరిలో, అది 14 శాతం మాత్రమే. ఆఫ్ఘన్ల విషయానికి వస్తే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారి వాటా మిగతా వలసదారుల సగటు కంటే చాలా ఎక్కువగా ఉంది. తరగతిలో ఈ అంకెలు చూపినప్పుడు తోటి విద్యార్థులు కొందరు ఇదంతా సంస్కృతి వల్లనేనని, కష్టపడే స్వభావంలోని తేడా అని తేల్చేశారు. నాకు ఆ వివరణ మింగుడుపడలేదు. అసలు ఈ రెండు సమూహాలను పక్కపక్కన పెట్టడం న్యాయమేనా? న్యాయమే అయితే ఏయే అంశాలను లెక్కలోకి తీసుకోవాలి? తెలిసినవారు చెప్పగలరు.

కొండాపూర్ నివాసి:

అమ్మా, మీ అనుమానం సరైనదే. ఉద్యోగరీత్యా నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో చాలా ఏళ్ళు ఉండి, 2023లో తిరిగి వచ్చాను. ఆ ఊళ్ళో సెంటర్‌విల్ ప్రాంతాన్ని అందరూ లిటిల్ కాబూల్ అని పిలుస్తారు. అక్కడి ఆఫ్ఘన్లతో కలిసి మెలిసి బతికినవాడిగా నాకు తోచింది రాస్తాను.

ముందుగా, ఆఫ్ఘన్ల సగటు అనే అంకెను అనుమానించండి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ప్రవేశించిన తరువాత, 1980ల్లో అమెరికా దాకా రాగలిగినవారిలో చాలామంది కాబూల్‌లోని డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రభుత్వాధికారులు, వారి కుటుంబాలు. వచ్చిన కొత్తలో వారూ టాక్సీలు నడిపారు. న్యూయార్క్‌లో వేయించిన కోడి అమ్మే చిన్న దుకాణాల వ్యాపారంలోకి దిగినవారు ఎందరో ఉన్నారు. నలభై ఏళ్ళలో వారి పిల్లలు న్యాయవాదులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అయ్యారు, సొంత ఇళ్ళు కొనుక్కున్నారు. వారిది ఒక కథ. 2009 చట్టం ద్వారా, అమెరికా సైన్యానికి దుబాసీలుగానూ ఇతర ఉద్యోగాల్లోనూ పనిచేసినందుకు ప్రత్యేక వలస వీసా మీద వచ్చినవారిది మరొకటి. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కిన తరువాత విమానాల్లో తరలించి తెచ్చిన 76 వేల పైచిలుకు మందిది ఇంకొకటి. ఈ మూడింటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ కుటుంబానికీ సరిపోదు.

అర్జెంటీనా వారు బయలుదేరిన తీరే వేరు. 1966 జూలై 29న సైనిక ప్రభుత్వం పోలీసులను బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయం మీదికి పంపి అధ్యాపకులను లాఠీలతో కొట్టించినప్పుడు శాస్త్రవేత్తలు పెద్ద సంఖ్యలో దేశం విడిచారు. 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక పాలనలో మరెందరో వెళ్ళిపోయారు. ఆపై 2001 ఆర్థిక పతనం. ఆ కష్టాలు తక్కువవని నేను అనడం లేదు. అయితే ఎక్కువమంది పాస్‌పోర్టుతో, టికెట్టుతో, డిగ్రీ పట్టాలు పెట్టెలో పెట్టుకుని, ఎప్పుడు వెళ్ళాలో ఎక్కడికి వెళ్ళాలో తామే తేల్చుకుని బయలుదేరారు. పైగా తాతముత్తాతలు ఇటలీ నుంచో స్పెయిన్ నుంచో వచ్చినవారు కావడంతో లక్షలాది మందికి ఐరోపా పౌరసత్వం పొందే వీలుంది. అమెరికాలో కుదరకపోతే స్పెయిన్ వెళ్ళవచ్చుననే ధైర్యం మనిషి బేరమాడే శక్తినే మార్చివేస్తుంది. ఆఫ్ఘన్‌కు అటువంటి రెండో గుమ్మం లేదు.

2021 చివర్లో మా వీధివాళ్ళం కొందరం కలిసి, కొత్తగా వచ్చిన ఒక కుటుంబానికి అద్దె ఇల్లు వెతికాం. భార్యాభర్తలు, ఐదుగురు పిల్లలు, ఆయన తల్లి. ఇంటి యజమానులు అడిగినవి మూడు నెలల పే స్లిప్పులు, క్రెడిట్ స్కోరు, పాత ఇంటి యజమాని ఇచ్చిన ఉత్తరం. ఆయన దగ్గర ఉన్నది అమెరికా సైనికాధికారి సంతకం చేసిన ప్రశంసాపత్రం ఒక్కటే. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, వెళ్ళిన ప్రతి చోటా తీసి చూపించేవారు. ఇలా వచ్చినవారికి ప్రభుత్వం తలకు 2,275 డాలర్లు కేటాయించింది. అందులో కుటుంబ అవసరాలకు నేరుగా ఖర్చుపెట్టేది 1,225 డాలర్లు. ఎనిమిది మందికి 9,800 డాలర్లన్నమాట. ఫ్రీమాంట్‌లో అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపితే అందులో సగానికి పైగా పోతుంది. చివరికి ఒక గిడ్డంగిలో రాత్రి పని దొరికింది, ఇల్లు మాత్రం ఊరికి చాలా దూరంలో దొరికింది.

ఇక్కడే మీ పత్రానికి పనికొచ్చే అంకె ఒకటుంది. 2023లో అమెరికా ప్రభుత్వ దారిద్ర్యరేఖ ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 19,720 డాలర్లు, ఎనిమిది మంది ఉన్న ఇంటికి 50,560 డాలర్లు. ఏడాదికి 50,000 సంపాదించే ఆఫ్ఘన్ ఇంటి పెద్ద లెక్కల్లో పేదవాడు, అంతే సంపాదించే అర్జెంటీనా దంపతులు ఆ రేఖకు ఎంతో పైన ఉంటారు. కనుక కుటుంబ ఆదాయాన్ని ఒక్కదాన్నే పోల్చవద్దు, తలసరి ఆదాయాన్నీ, ఇంట్లో సంపాదించేవారి సంఖ్యనూ పక్కన పెట్టండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పద్మారావునగర్:

పై జవాబులో ఆదాయం గురించి బాగా చెప్పారు. నేను పొదుపు గురించి రాస్తాను. ఎందుకంటే వలస వెళ్ళినవారి మొదటి ఐదేళ్ళను నిర్ణయించేది జీతం కంటే, వెంట తెచ్చుకోగలిగిన డబ్బు.

అర్జెంటీనాలో 1991 నుంచి ఒక పెసోకు ఒక డాలరు అనే స్థిర మారకం నడిచింది. 2001 డిసెంబరు మొదట్లో ప్రభుత్వం బ్యాంకు ఖాతాల నుంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తీసుకోరాదని ఆంక్ష పెట్టింది. జనం గిన్నెలు, గరిటెలు మోగిస్తూ వీధుల్లోకి వచ్చారు, అధ్యక్షుడు దె లా రువా డిసెంబరు 20న రాజీనామా చేశారు. తరువాతి సంవత్సరం డాలరు డిపాజిట్లను ఒక డాలరుకు 1.40 పెసోల చొప్పున బలవంతంగా మార్చారు. బయట మారకం రేటు కొద్ది నెలల్లోనే మూడు పెసోలు దాటిపోయింది. నలభై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఖాతాదారుడి నమ్మకానికి ఇంతకు మించిన దెబ్బ ఉండదు.

ఇరవై ఏళ్ళ తరువాత, 2021 సెప్టెంబరులో, కాబూల్‌లోని బ్యాంకులు వారానికి 200 డాలర్లకు మించి ఇవ్వలేదు. ఆ దేశ కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 700 కోట్ల డాలర్ల నిల్వలను అమెరికా స్తంభింపజేసింది. చూడడానికి రెండు సందర్భాలూ ఒకటే, బ్యాంకు ముందు బారులు తీరిన జనం, చేతికందని సొంత డబ్బు. అయితే అర్జెంటీనా మధ్యతరగతికి 1989 నాటి విపరీత ద్రవ్యోల్బణం అప్పటికే పాఠం నేర్పింది. డాలర్లు కొని ఇంట్లో దాచుకోవడం, వీలున్నవారు పొరుగుదేశం ఉరుగ్వేలోనో అమెరికా నగరం మయామీలోనో ఖాతా తెరవడం వారికి అలవాటు. ఆఫ్ఘన్ కుటుంబం ఆస్తి ఎక్కువగా ఇల్లు, పొలం, బంగారం. ఆ ఆగస్టులో కాబూల్‌లో ఇల్లు కొనేవారెవరు? విమానాశ్రయానికి చేరినవారు ఒక సంచితో చేరారు.

ఇంకొక విషయం. ఎన్నారై ఖాతాల విభాగంలో కూర్చున్నప్పుడు నాకు బాగా తెలిసి వచ్చింది, విదేశంలో ఉన్నవాడి ఆదాయం వేరు, వాడి చేతిలో మిగిలేది వేరు. ఆఫ్ఘన్ డ్రైవరు సంపాదనలో కొంత భాగం కాబూల్‌లో ఉద్యోగాలు పోయిన అన్నదమ్ములకు, చదువు మానేసిన చెల్లెళ్ళకు హవాలా ద్వారా వెళుతుంది. ఆదాయ పట్టికల్లో ఆ కోత కనిపించదు.

భాషాబోధకురాలు, సికింద్రాబాద్:

హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన విదేశీ విద్యార్థులకు నేను ఆంగ్లం బోధించాను. వారిలో భారత ప్రభుత్వ ఉపకారవేతనంతో వచ్చిన ఆఫ్ఘన్లు ఎక్కువగానే ఉండేవారు. 2021 ఆగస్టులో ఒక అమ్మాయి తన అక్క పట్టాల ఫొటోలు ఫోనులో చూపించి, ఇవి విదేశాల్లో చెల్లుతాయా అని అడిగింది. అక్క విదేశీ సంస్థలో పనిచేసినందున, సోదాలు జరుగుతాయన్న భయంతో ఇంట్లోవాళ్ళు అసలు పత్రాలను పొయ్యిలో వేశారట. విదేశీ పట్టాలను మదింపు చేసే సంస్థలు చాలాసార్లు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వచ్చిన పత్రాలనే అడుగుతాయి. ఆమె చదివిన చోట జవాబిచ్చే మనిషే లేడు. బ్యూనస్ ఎయిర్స్‌లో చదివినవారికి ఈ బెడద లేదు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో 1949 నుంచి చదువు ఉచితం, సంక్షోభాల్లోనూ వాటి కార్యాలయాలు పనిచేస్తూనే ఉన్నాయి.

ఆఫ్ఘనిస్తాన్ ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఖాలిద్ పయెందా 2022లో వాషింగ్టన్‌లో ఊబర్ నడిపారు. ఆయనకు చదువూ అనుభవమూ లేక కాదు గదా.

కొండాపూర్ నివాసి గారు భాష సంగతి వదిలేశారు. మయామీలో దిగిన అర్జెంటీనా మనిషి స్పానిష్‌తోనే ఉద్యోగం చేయగలడు, దుకాణం తెరవగలడు, డాక్టరుతో మాట్లాడగలడు. ఆ నగరంలో వ్యాపారం చాలావరకు ఆ భాషలోనే నడుస్తుంది. ఆఫ్ఘన్ భాషలైన దరీ, పష్తో మాట్లాడేవారికి అమెరికాలో అంతటి నగరం లేదు. స్త్రీల చదువును కూడా విడిగా చూడండి. తాలిబన్ల మొదటి పాలనలో, 1996 నుంచి 2001 దాకా, బడి వయసులో ఉన్న ఆఫ్ఘన్ ఆడపిల్లలు ఇప్పుడు తల్లులు. వారిలో ఎందరో బడి ముఖం చూడలేదు. ఇంట్లో రెండో జీతం రాకపోవడానికి కారణాన్ని సంస్కృతి అనే పెద్ద మాటలో వెతికే ముందు, ఆ ఐదేళ్ళలో వెతకాలి. 2021 సెప్టెంబరు నుంచి ఉన్నత పాఠశాలల తలుపులు ఆడపిల్లలకు మళ్ళీ మూసేశారు, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూసేశారు. మరో ఇరవై ఏళ్ళ తరువాత వచ్చే లెక్కలు ఇప్పుడే రాసిపెట్టినట్టయింది. ఇది తలచుకుంటే నాకు చాలా బాధ కలుగుతుంది.

తార్నాక విద్యార్థిని:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. 2001 తరువాత మయామీ చేరిన అర్జెంటీనా వారిలో ఎందరో గడువు మీరి, సరైన కాగితాలు లేకుండా ఉండిపోయారని చదివాను. ఆఫ్ఘన్ శరణార్థులకు మాత్రం పనిచేసే అనుమతి చట్టబద్ధంగానే దొరికింది. మరి వచ్చిన దారే అంతా నిర్ణయిస్తుందంటే, లెక్క తారుమారు కావాలి కదా?

కొండాపూర్ నివాసి:

మంచి ప్రశ్న. 1996 నుంచి అర్జెంటీనా వారు వీసా లేకుండా అమెరికా వెళ్ళి మూడు నెలల దాకా ఉండే వెసులుబాటు ఉండేది, 2002 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేశారు. ఆలోగా వచ్చి ఆగిపోయినవారిలో వాస్తుశిల్పులు, ఉపాధ్యాయులు కూడా హోటళ్ళలో గిన్నెలు కడిగారు, ఇళ్ళకు రంగులు వేశారు. చదువు ఉండి కాగితం లేనివారు వారు. కాగితం ఉండి, చదువును రుజువు చేసుకోలేనివారు ఆఫ్ఘన్లు. కనుక దారి అంటే వీసా ముద్ర ఒక్కటే కాదు, దానితోపాటు ఎవరు ఆ దారిన రాగలిగారు అన్నది కూడా. పైగా 2021లో వచ్చిన ఆఫ్ఘన్లలో ఎక్కువమందికి ఇచ్చింది రెండేళ్ళ తాత్కాలిక అనుమతి. వారికి గ్రీన్‌కార్డు దారి చూపే బిల్లు 2022లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ముందుకు వచ్చినా చట్టం కాలేదు. సంక్షోభంలో ఉన్న దేశాల వారిని వెనక్కి పంపకుండా ఉండనిచ్చే తాత్కాలిక రక్షణ హోదా ఆఫ్ఘనిస్తాన్‌కూ ఇచ్చారు, అది కూడా 2025లో ముగిసింది. రేపు ఉంటామో లేదో తెలియని మనిషి కొత్త కోర్సులో చేరడు, దుకాణానికి అప్పు చేయడు.

మీ తోటి విద్యార్థులు మళ్ళీ సంస్కృతి అంటే, మన తెలంగాణనే చూపించండి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్ నిర్మాణ పనులకు వెళ్ళినవారు, అవే ఊళ్ళ నుంచి హెచ్-1బి వీసా మీద డాలస్ వెళ్ళినవారు ఒకే భాష మాట్లాడతారు, ఒకే బతుకమ్మ ఆడతారు, ఒక్కోసారి ఒకే తల్లి బిడ్డలు. ఒకరిని పట్టా చూసి, కంపెనీ దరఖాస్తు చేస్తే రానిచ్చారు. మరొకరు ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి, యజమాని పేరు మీద ఉండే వీసాతో వెళ్ళారు. ఇద్దరి సంపాదనలోని తేడాను వారి తెలివికో శ్రమకో అంటగడితే అది అన్యాయం. అమెరికాలో తెలుగువారి ఆదాయాలు చూసి మనం గర్వపడేటప్పుడు కూడా ఈ వడపోతను గుర్తుంచుకోవాలి.

ఇక మీ పని విషయం. అమెరికా జనగణన సంస్థ ఏటా జరిపే సర్వేలో అర్జెంటీనా వారు హిస్పానిక్ మూలాల ప్రశ్న కింద, ఆఫ్ఘన్లు పూర్వీకుల మూలాల ప్రశ్న కింద నమోదవుతారు. ఆ రెండు పట్టికలను నేరుగా పోల్చితే అక్కడ పుట్టిన పిల్లలు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా కలుస్తారు. కాబట్టి జన్మదేశం ఆధారంగానే తీసుకోండి. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నిర్వహించే ఐపమ్స్ భాండాగారంలో అదే సర్వే వ్యక్తిగత స్థాయి సమాచారం ఉచితంగా దొరుకుతుంది. అందులో జన్మదేశంతోపాటు అమెరికా చేరిన సంవత్సరం కూడా ఉంటుంది. వీసా రకం ఉండదు కనుక, చేరిన సంవత్సరాన్నే దానికి బదులుగా వాడుకోవాలి. ఆఫ్ఘన్లను 1980ల్లో వచ్చినవారు, 2009 నుంచి 2020 మధ్య వచ్చినవారు, 2021లోనూ ఆ తరువాతా వచ్చినవారు అని విడదీయండి. అర్జెంటీనా వారిని 2002కు ముందు, తరువాత అని విడదీయండి. ఒక్కో వరుసలో తలసరి ఆదాయం, ఇంట్లో సంపాదించేవారి సంఖ్య, స్త్రీల చదువు, సొంత ఇల్లు ఉన్నవారి శాతం వేయండి. ముప్పై నలభై ఏళ్ళుగా ఉన్న ఆఫ్ఘన్లను అంతే కాలంగా ఉన్న అర్జెంటీనా వారితో పోల్చే వరుసను మొదట తయారుచేయండి, మీ పత్రానికి అసలు ప్రశ్న అక్కడే ఉంది.