రువాండా రేడియోను 1994 ఏప్రిల్‌కు ముందే ఆపాల్సిందా?

కృష్ణాతీరం
ఆఫ్రికాలోని రువాండాలో మెజారిటీ హుటు తెగలోని తీవ్రవాదులు మైనారిటీ టుట్సీల జాతిహననం మొదలుపెట్టింది 1994 ఏప్రిల్ 7న. ఏటా ఆ తేదీ వచ్చిందంటే రువాండా మీద నాలుగు వ్యాసాలు వస్తాయి. "ఇంత ఘోరం జరుగుతుందని ఎవరూ అనుకోలేదు" అన్న మాట వాటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. చదివినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు.

ఐక్యరాజ్య సమితి తరఫున బాక్రే వాలీ ఎన్‌డియాయ్ 1993 ఏప్రిల్‌లో అక్కడికి వెళ్లి చూసి వచ్చారు. టుట్సీల హత్యలకు జాతిహనన నిరోధక ఒప్పందం వర్తించవచ్చని ఆగస్టు నివేదికలో రాశారు. 1994 జనవరి 11న అక్కడి సమితి శాంతి దళం కమాండర్ రోమియో డలేర్ న్యూయార్క్‌లోని సమితి కార్యాలయానికి ఫ్యాక్స్ పంపారు. రాజధాని కిగాలీలో ఆయుధాలు దాచారు, టుట్సీల వివరాలు రాసుకుంటున్నారు, 20 నిమిషాల్లో వెయ్యి మందిని చంపగలరని లోపలి మనిషి చెబుతున్నాడు అని అందులో ఉంది. ఆ ఆయుధాలు పట్టుకుంటామంటే పైనుంచి వద్దన్నారు.

ఇక హుటు తీవ్రవాదుల ఆర్‌టీఎల్‌ఎం రేడియో 1993 జులైలో మొదలైంది. టుట్సీలను బొద్దింకలని పిలిచింది. ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడి విమానం కూలిపోయాక మనుషుల పేర్లు, వాళ్లు దాక్కున్న చోట్లు, కార్ల నంబర్లు చదివి వినిపించింది. దాదాపు వంద రోజుల్లో 8 లక్షల మంది దాకా చనిపోయారని సమితి అంచనా.

ఆ రేడియోను చంపడాలు మొదలవకముందే, బయటివాళ్లు జామ్ చేసైనా, అంటే ప్రసారం వినబడకుండా తరంగాలతో అడ్డుకునైనా, ఆపాల్సిందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

ఓరుగల్లు వకీల్
నేను కాదంటాను. కారణం కూడా రువాండా కేసుల్లోనే ఉంది.

ఆర్‌టీఎల్‌ఎం స్థాపకుల్లో ఒకరైన నహిమానాకు, రువాండా నేరాల కోసం సమితి పెట్టిన అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2003లో యావజ్జీవం వేసింది. 2007లో అప్పీల్ బెంచ్ దాన్ని 30 ఏళ్లకు తగ్గించింది. అంతకంటే ముఖ్యమైనది, ఏప్రిల్ 6కు ముందు ప్రసారాలు ద్వేషం రెచ్చగొట్టినా, జాతిహననానికి నేరుగా, బహిరంగంగా పురిగొల్పినట్టు రుజువు కాలేదని చెప్పింది. అంటే చావులన్నీ చూశాక, సాక్షులందరినీ విన్నాక కూడా కోర్టు ఆ ముందు మాటలను నేరంగా తేల్చలేదు. అలాంటప్పుడు 1994 ఫిబ్రవరిలో ఏ అధికారి, ఏ చట్టం కింద స్టేషన్ మూయిస్తాడు?

ఈ అధికారం చేతికిస్తే ఏం చేస్తారో కూడా రువాండాయే చూపించింది. అక్కడ "జాతిహనన భావజాలం" మీద 2008లో చట్టం తెచ్చారు. ప్రతిపక్ష నాయకురాలు విక్టోర్ ఇంగబిరేను జాతిహననాన్ని చిన్నబుచ్చారని, ప్రభుత్వంపై కుట్ర చేశారని జైల్లో పెట్టారు. సుప్రీంకోర్టు శిక్షను 15 ఏళ్లకు పెంచింది. ఆమె భావప్రకటన హక్కును రువాండా ఉల్లంఘించిందని 2017లో ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది. మంచి ఉద్దేశంతో పుట్టిన చట్టమే ఇలా వాడుకలోకి వచ్చింది.

మట్టిబాట
మీ ఇద్దరూ రేడియోకు మరీ ఎక్కువ బలం ఇస్తున్నారని నాకనిపిస్తోంది. దక్షిణాన ఉన్న బుటారేలోనూ రేడియో మోగింది. కానీ అక్కడి ప్రిఫెక్ట్, మన లెక్కలో కలెక్టర్ లాంటి అధికారి, స్వయంగా టుట్సీ. ఆయన కుర్చీలో ఉన్నంతకాలం ఆ ఊళ్లో పెద్ద ఎత్తున చంపడాలు మొదలు కాలేదు. ఆయన్ను తీసేశారు. ఏప్రిల్ 19న తాత్కాలిక అధ్యక్షుడే వచ్చి ప్రసంగించాడు. ఆ తర్వాతే నరమేధం. టాబా అనే ఇంకో చోట కూడా అంతే. అక్కడి మేయర్ అకాయెసు మొదట అడ్డుపడ్డాడు, ఏప్రిల్ 18 మీటింగ్ తర్వాత మారిపోయాడు. జాతిహనన నేరం కింద అంతర్జాతీయ కోర్టు 1998లో మొట్టమొదట శిక్షించింది అతన్నే.

నన్నడిగితే అసలు ప్రమాద సంకేతం గుర్తింపు కార్డు. బెల్జియం పాలనలో 1930లలో మొదలైన కార్డుల మీద హుటు, టుట్సీ అని రాసి ఉండేది. రోడ్డు మీద అడ్డుకట్ట దగ్గర ఆ కార్డు చూసే చంపారు. ఎవరు ఎవరో కాగితం మీద తేల్చిపెట్టాక రేడియో ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఏముంది? కావాల్సింది సైనికులు. ఏప్రిల్ 11న సమితి దళంలోని బెల్జియం సైనికులు కిగాలీలోని ఒక సాంకేతిక పాఠశాల నుంచి వెళ్లిపోయారు. వాళ్లను నమ్ముకుని అక్కడ తలదాచుకున్నవాళ్లు దాదాపు 2,000 మంది. చాలామందిని ఆ రోజే చంపేశారు. పది రోజులకు, సమితి దళాన్ని 270 మందికి తగ్గించాలని భద్రతా మండలి తీర్మానించింది.

కృష్ణాతీరం
మట్టిబాట గారూ, కార్డు సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అడ్డుకట్టల దగ్గర నిలబడ్డవాళ్ల చేతుల్లో రేడియోలు ఉన్నాయి కదా. ఫలానా ఇంట్లో ఫలానావాళ్లున్నారని ప్రసారంలో చెబితే అక్కడికి మనుషులు వెళ్లారు.

వకీల్ గారూ, శిక్షించడానికి కావాల్సిన రుజువునే ఆపడానికి కూడా అడుగుతున్నారు మీరు. 1948 జాతిహనన నిరోధక ఒప్పందంలో ఆ రెండూ వేర్వేరు. బోస్నియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో దీన్ని విడమరిచి చెప్పింది. తీవ్రమైన ముప్పు ఉందని ఒక దేశానికి తెలిసిన క్షణం నుంచే, తెలిసి ఉండాల్సిన క్షణం నుంచే, నిరోధించే బాధ్యత మొదలవుతుంది. ఎవరికి ఎంత పలుకుబడి ఉంటే అంత బాధ్యత. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో జరిగిన జాతిహననాన్ని నిరోధించలేదనే సెర్బియాను తప్పుపట్టింది.

రువాండాలో ఏం చేశారు? చంపడాలు జోరుగా సాగుతుంటే, మే 5న అమెరికా రక్షణ శాఖ జామింగ్ వద్దని రాసింది. జామింగ్ చేసే విమానానికి గంటకు 8,500 డాలర్లు ఖర్చవుతుందని, చట్టపరమైన చిక్కులున్నాయని కారణాలు. ఆ కాగితం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

ఓరుగల్లు వకీల్
మే నెలలో జామింగ్ చేసి ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అప్పటికి పేర్లు చదివి చంపిస్తున్నారు. మన వాదన ఏప్రిల్‌కు ముందు గురించి. మీరు చెప్పిన 2007 తీర్పులోనే ఇంకో వాక్యం ఉంది: ఏ దేశమైనా అంతర్జాతీయ చట్టం అనుమతించిన హద్దుల్లోనే నిరోధించాలి. పక్క దేశం గాలిలో మాటలను నొక్కేయడానికి భద్రతా మండలి అనుమతి కావాలి. ఆ ఏడాది మండలిలో రువాండాయే సభ్యదేశం!

బాలాపూర్ బస్టాప్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా వైపు, హైదరాబాద్ బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉంటాయి. అక్కడ వాళ్ల విషయంలో ముందు, వాళ్లను పౌరులుగా గుర్తించని 1982 పౌరసత్వ చట్టం వచ్చింది, తర్వాత ఫేస్‌బుక్‌లో విషం, 2017 ఆగస్టులో సైన్యం. 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. గాంబియా దేశం మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే 2020 జనవరిలో మధ్యంతర ఆదేశాలు వచ్చాయి. మట్టిబాట గారి కార్డూ, కృష్ణాతీరం గారి రేడియో, రెండూ ఇందులో ఉన్నాయి. ఏది ముందని తేల్చేలోపు జనం సరిహద్దు దాటేశారు.

కృష్ణాతీరం
వకీల్ గారు ఏ చట్టం కింద అని అడిగారు కాబట్టి ఒక పేరు చెబుతాను. ఫౌస్టిన్ రుకోగోజా, రువాండా సమాచార మంత్రి. ఆర్‌టీఎల్‌ఎం యాజమాన్యాన్ని 1993 నవంబర్‌లో ఒకసారి, 1994 ఫిబ్రవరిలో ఇంకోసారి పిలిచి, ద్వేష ప్రసారాలు ఆపమని హెచ్చరించారు. ఆ దేశ మంత్రే, ఆ దేశ నిబంధనల ప్రకారమే అడిగారు. వాళ్లు ఖాతరు చేయలేదు. ఆయన వెనక ఏ పెద్ద దేశమూ నిలబడలేదు. ఏప్రిల్ 7న ఆయన్ను కుటుంబంతో సహా చంపేశారు.

ఓరుగల్లు వకీల్
ఈ దారికి నేను ఒప్పుకుంటాను. రువాండాకు డబ్బు, సైనిక సాయం ఇస్తున్న దేశాలు ఫిబ్రవరిలోనే ఆ మంత్రి మాట అమలు చేస్తేనే సాయం అని చెప్పి ఉండొచ్చు. ఆయనకు రక్షణ పెంచి ఉండొచ్చు. సమితి దళానికి సొంత రేడియో ఇచ్చి ఉండొచ్చు, అదీ చేయలేదు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఏప్రిల్‌కు ముందు విదేశీ విమానం వచ్చి జామ్ చేయడానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

మట్టిబాట
ఆ జాబితాలో కార్డు మీద జాతి పేరు తీసేయించడం కూడా చేర్చండి. తీసేస్తామని 1990లోనే ప్రకటించారు, అమలు చేయలేదు. సాయం ఇచ్చే దేశాలు గట్టిగా పట్టుబట్టాల్సింది అక్కడే.